ఐపీ పెట్టేముందు ఇంట్లో చెప్పండి

అప్పుల కింద నలుగుతున్న కుటుంబాలకు, వాళ్ల బంధువులకు, వాళ్లకు అప్పిచ్చినవారికి ఈ విజ్ఞప్తి.

ఫలానా దుకాణం ఆయన ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టాడట అన్న మాట బజారులో పుడితే, సాయంత్రానికల్లా ఆ కుటుంబం మోసగాళ్ల జాబితాలో చేరిపోతుంది. చిట్టీల డబ్బు మూటగట్టుకుని ఊరు దాటినవాడినీ, ధర పడిపోయి సరుకుతో సహా మునిగిన వ్యాపారినీ మనం ఒకే గాటన కడుతున్నాం. ఆ నిందకు భయపడే, నిజంగా తీర్చలేనివాళ్లు కోర్టు గడప తొక్కరు. ఒక వడ్డీ కట్టడానికి ఇంకోచోట అప్పు తెస్తారు. కొందరు ప్రాణాలే తీసుకుంటున్నారు.

నేను కోరేది ఒక్కటే. తీర్చలేమని తేలిన నెలలోనే నోరు విప్పండి. ఐపీ పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

తేలడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెచ్చినవారు నెలకు 20 వేలు కట్టాలి. అలా 50 నెలలు కడితే అసలుకు సమానమైన సొమ్ము వడ్డీ కిందే పోతుంది, అసలు మాత్రం రూపాయి తగ్గదు. తిండి, చదువులు, మందులు పోగా మిగిలేది వడ్డీలకే చాలడం లేదంటే, ఇంకో ఏడాది ఓర్చుకున్నా ఆ అప్పు తీరదు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక పుస్తకంలో అన్నీ రాయండి: బ్యాంకు, ఫైనాన్సు, ప్రోనోట్లు, చేబదుళ్లు, పాడుకున్న చిట్టీ బాకీ, క్రెడిట్ కార్డు, లోన్ యాప్, తాకట్టులో ఉన్న బంగారం. ఇంట్లోవాళ్లకు తెలియని అప్పు కూడా ఆ రోజు ఆ పుస్తకంలోకి ఎక్కాలి.

మన జిల్లాల్లో మామూలు మనిషి దివాలాకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఇప్పటికీ ఆధారం. 2016లో వచ్చిన కొత్త దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం రాసిన భాగాన్ని, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమలు చేశారు. కిరాణా వ్యాపారి, ఉద్యోగి, రైతు పాత చట్టం కిందే కోర్టుకు వెళ్లాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టుకో, అది నియమించిన రిసీవరుకో దఖలు పడుతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతివృత్తి పనిముట్లు, ప్రావిడెంట్ ఫండ్ వంటివి జప్తుకు రావు. మిగతాది అమ్మి అప్పులవాళ్లకు పంచుతారు.

ఎక్కువమంది చెడేది పిటిషన్‌కు ముందు నెలల్లో. స్థలాన్ని బావమరిది పేర రాస్తారు. ఇంటిని భార్యకు గిఫ్టు రిజిస్ట్రేషన్ చేస్తారు. దగ్గరివాళ్ల బాకీ ముందు తీర్చేసి మిగతావాళ్లకు కోర్టు నోటీసు పంపిస్తారు. ఇలా చేయమని సలహా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. దయచేసి వాళ్ల మాట వినకండి. దివాలాకు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా జరిగిన బదిలీలను కోర్టు రద్దు చేయగలదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్కరికే మేలు చేయాలని కట్టిన బాకీ కూడా నిలవదు. ఆస్తి దాచినట్టు, లెక్కల పుస్తకాలు మాయం చేసినట్టు రుజువైతే ఏడాది వరకు జైలు. ఇబ్బందిలో పడ్డ నిజాయితీపరుడు ఇలాంటి ఒక్క దస్తావేజుతో నిందితుడవుతాడు, దాని మీద సంతకం పెట్టిన బావమరిది కూడా కోర్టు చుట్టూ తిరగాలి.

ఐపీతో తీరనివి కూడా ఉన్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుకు బ్యాంకు ఆ ఇంటిని వేలం వేసుకోవచ్చు. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భార్యాబిడ్డల భరణం మాఫీ కావు. చెక్ బౌన్స్ కేసు దానంతటది ఆగిపోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు హామీ సంతకం పెట్టినవారు బయటపడరు. మీకు విముక్తి దొరికినా అప్పులవాళ్లు వాళ్ల ఇంటికి వెళతారు. అందుకే పిటిషన్ వేసే ముందే వాళ్లకు ఎదురుగా కూర్చుని చెప్పండి. నోటీసు చూసి తెలుసుకునే గతి వాళ్లకు పట్టకూడదు.

దివాలాదారుగా ప్రకటించడంతో పని అయిపోయిందనుకోవద్దు. కోర్టు పెట్టిన గడువులో విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఆ గడువు దాటితే ప్రకటనే రద్దయి కథ మొదటికొస్తుంది. విముక్తి రాకముందు, తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పు తీసుకోవడం కూడా నేరం. అప్పటిదాకా పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఏ పదవికీ పోటీ చేయడానికి అర్హత ఉండదు.

ఇదంతా చదివి ఐపీయే వద్దనుకునేవారు ఉంటారు, వాళ్ల నిర్ణయం సరైనదే కావచ్చు. అమ్మడానికి ఆస్తి లేనివారికి, నలుగురైదుగురి బాకీ మాత్రమే ఉన్నవారికి లోక్ అదాలత్‌లో రాజీ, బ్యాంకుతో ఒకేసారి సెటిల్‌మెంటు తేలికైన దారి. జైల్లో వేయిస్తామన్న బెదిరింపులకు లొంగి మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. కట్టే స్తోమత నిజంగా లేనివాడిని డబ్బు డిక్రీ కింద జైలుకు పంపకూడదని 1980లోనే సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. అలాంటి డిక్రీ కింద ఆడవారిని అరెస్టు చేయనే కూడదు. బ్యాంకు వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం.

లాయరు ఫీజుకు భయపడి ఆగినవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. ఫోన్ నంబరు 15100. నిద్ర పట్టక, బతకాలనిపించక ఉన్నవారు 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

ఇక అప్పిచ్చినవారికి. కూతురి పెళ్లికని దాచిన సొమ్ము ఇచ్చి, చేతికి ఐపీ నోటీసు వస్తే ఎంత కడుపుమంటో నాకు తెలుసు. అయినా అప్పు తీసుకున్నాయన ఇంటిమీదకు వెళ్లకండి, ఆయన పిల్లలను బడి దగ్గర నిలదీయకండి. నోటీసులో ఉన్న తేదీకి కోర్టుకు వెళ్లి, మీ ప్రోనోటు, బ్యాంకు లెక్క చూపించి బాకీని రుజువు చేసుకోండి. పంపకంలో వాటా రుజువు చేసుకున్నవారికే వస్తుంది. ఆయన ఏదైనా ఆస్తిని ఈమధ్యే బంధువుల పేర రాసిన సంగతి మీకు తెలిస్తే, ఆ దస్తావేజు నకలు తెచ్చి రిసీవరుకు ఇవ్వండి.