ఎరువుల కార్ఖానాయు – ఊరి సమ్మతియు

గడ్డిని, పంటచెత్తను, పేడను గాలి చొరని తొట్లలో మురుగబెట్టి, బండ్లను నడుపు వాయువును, పొలమునకు వలయు సేంద్రియపుటెరువును దీయు కార్ఖానాలను దేశమంతట నెలకొల్పవలెనని 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ‘సతత్’ పథకమును బ్రకటించినది. 2023-24 నాటికి 5,000 కార్ఖానాలు వెలయవలెనని సంకల్పము. ఆ గడువు దాటినది, సంకల్పము నెరవేరలేదు. ధనము పెట్టవలసినవారు జంకుచున్నారు. వారి జంకును పిరికితనమని త్రోసివేయుటయు, వారు కోరిన రాయితీలన్నిటికిని తలయూచుటయు రెండును తగవు గావు.

వారి మొదటి చింత ముడిసరుకును గూర్చినది. గడ్డి కోతల నాటి కొలదివారములలో వచ్చును. కార్ఖానా యేడాది పొడుగున మేయును. పంజాబులో సంగ్రూరు జిల్లా లెహ్రాగాగా కడ 2022లో ప్రారంభమైన కార్ఖానా దినమునకు 300 టన్నుల వరిగడ్డిని గొని 33 టన్నుల వాయువు నీయగల శక్తితో నిర్మింపబడినది. అంత గడ్డిని దూరమునుండి తెచ్చినచో కిరాయియే లాభమును మ్రింగివేయును. కావున కార్ఖానా పొలముల నడుమ నుండక తప్పదు.

రెండవ చింత యెరువును గూర్చినది. వాయువునకు చమురు కంపెనీలు కొనుగోలుదార్లుగా నున్నవి. ఎరువునకు అట్టి నిలుకడయైన బేరము లేదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని యుండును. దాని 45 కిలోల బస్తాకు వేపపూతయు పన్నులును గాక 242 రూపాయల ధర 2018లో నిర్ణయమైనది. సేంద్రియపుటెరువు నేలకు సత్తువ నిచ్చునుగాని, బరువు హెచ్చు, నత్రజని తక్కువ. 2023 జూనులో కేంద్రము టన్నుకు 1,500 రూపాయల సహాయము నంగీకరించినది. అది మేలే. అయినను రైతు తన చేలో ఫలమును జూడక యెరువు కొనడు. అనగా గడ్డి యమ్మువాడును, ఎరువు కొనువాడును చుట్టుపట్ల రైతే!

మూడవ చింత ఊరివారి ప్రతిఘటన. 2024లో లుధియానా జిల్లాయందలి ఘుంగ్రాలీ రాజపూతానా, ముష్కాబాదు, అఖాడా మొదలగు గ్రామములవారు దుర్గంధమునకును, భూగర్భజలము చెడుననియు భయపడి యెదురు తిరిగిరి. పనులు నిలిచినను బ్యాంకు వడ్డీ నిలువదు గదా.

ఆంధ్రప్రదేశమునకు ఇందు పాఠము గలదు. 2024 నవంబరులో రిలయన్సు సంస్థతో 500 వాయు కార్ఖానాలకు, 65,000 కోట్ల రూపాయల పెట్టుబడికి ఒడంబడిక జరిగినది. 2025 ఏప్రిలు 2వ తేదీన కనిగిరి ప్రాంతమున దివాకరపల్లెలో శంకుస్థాపన చేసిరి. బంజర్లలో నేపియరు గడ్డి పెంచుట ఇందలి యేర్పాటు. కాని రెవెన్యూ లెక్కలో బంజరైనది గొర్రెలకాపరికి బంజరు గాదు. అది యతని మందకు మేత. పైగా మెట్టసీమలో గడ్డి పెంపకమునకు నీరెక్కడిదను ప్రశ్న యుండనే యున్నది. గ్రామపు టుమ్మడి భూములను గ్రామమునకే దక్కింపవలెనని సుప్రీముకోర్టు 2011 జనవరిలో జగపాల్ సింగు వ్యాజ్యమున రాష్ట్రములన్నిటికి నాజ్ఞాపించినది. కౌలుపత్రము కాగితముపై నెంత దిట్టముగా నున్నను, మేత కోల్పోయినవాడు న్యాయస్థానపు మెట్లెక్కినచో పెట్టుబడికి రక్షణ యేది?

కావున మేము కోరునది స్వల్పము. శంకుస్థాపనకు పూర్వమే గ్రామసభ జరుగవలెను. ఎంత నీరు, ఎచ్చటినుండి, మురుగునీరు పోవుటెచ్చటికి, ఊరికి దూరమెంత – ఇవన్నియు తెలుగున వ్రాసి చదివి వినిపింపవలెను. గడ్డిధర ఒప్పందమున నుండవలెను. మొదటి యేడు చుట్టుపట్ల చేలకు ఎరువు నుచితముగా నిచ్చి ఫలితమును జూపవలెను. బావుల నీటి పరీక్షాఫలములను పంచాయతీ గోడపై నంటింపవలెను.

ఇవి పెట్టుబడికి ప్రతిబంధకము లని కొందరనవచ్చును. ముడిసరుకు, అమ్మకము, శాంతి – మూడును ఊరి చేతిలోనే యున్నప్పుడు, ఊరి సమ్మతికి మించిన పూచీ ప్రభుత్వము వ్రాసి యీయగలదా? పాలకులును, ధనికులును ఈ సంగతిని పునాదిరాయి వేయకమునుపే యోచింతురు గాక.