ఇంట్లో లేమని చెప్పకండి

టెలిఫోను మోగుతుంటే ఎత్తకుండా కూర్చోగలిగినవాడు యోగి అని నా అభిప్రాయం. మనబోటి సంసారులం తలంటి పోసుకుంటూ కూడా సబ్బు నురుగుతో పరుగెత్తుకొస్తాము. పిలిచేది పెద్దమ్మాయో, అప్పిస్తామని వెంటబడే కంపెనీయో ఎత్తితే గాని తెలియదు గదా!

బషీర్‌బాగులో మా కింది వాటాలో ఒక పిన్నిగారున్నారు. డెబ్బై దాటాయి. కొడుకు డల్లాసులో వుంటాడు. అక్కడ రాత్రి తొమ్మిదయ్యేసరికి, ఎండాకాలంలో, యిక్కడ ఉదయం ఏడున్నర. సరిగ్గా ఆవిడ స్నానం, పూజ వేళ. సెల్ ఫోను వుంది గాని అది బీరువా మీద విశ్రాంతి తీసుకుంటూ వుంటుంది. పురోహితుడికీ, వియ్యాలవారికీ తెలిసిన పాత నంబరు మీదే ఆవిడకు గురి. కొడుకు పిలుపు తప్పిపోతుందేమోనని ఏది మోగినా ఎత్తుతుంది. ఆ అలవాటే మొన్న కొంప ముంచబోయింది. పోలీసునని చెప్పుకున్న వాడెవడో, మీ పేర వచ్చిన పార్సిలులో మత్తుమందు దొరికిందనీ, ఫోను పెట్టేస్తే అరెస్టేననీ గంటసేపు ఆవిడను కుర్చీలోంచి కదలనివ్వలేదు. బ్యాంకు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వుండగా పాలవాడు తలుపు తట్టబట్టి సరిపోయింది. ఫోనులో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు సుమండీ. అలాంటి పిలుపు వస్తే పెట్టేసి 1930కి చెప్పాలి.

"నాయనా, నేను ఎత్తకపోతే మాట పట్టి వుంచే మిషను వుంటుందటగా, చూసిపెడుదూ" అన్నదావిడ.

ఈ మిషను నిన్నటిదేమీ కాదు. డెన్మార్కులో వాల్డెమార్ పౌల్సెన్ 1898లోనే ఉక్కు తీగె మీద మాటను నిలిపాడు. టెలిఫోనులో వచ్చిన కబురు దాచాలన్నదే ఆయన ఆలోచన. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆ తీగె మీద పలికిన మాటలు యిప్పటికీ భద్రంగా వున్నాయి. మన మధ్యతరగతి యిళ్ళకు మాత్రం అది రాలేదు. ముందు టెలిఫోను వుండాలిగా! 1980ల్లో దరఖాస్తు పడేసి యేళ్ళ తరబడి కాచుకున్న జాతి మనది. అప్పట్లో మన మిషను పక్కింటివారు. విజిటింగు కార్డు మీద వాళ్ళ నంబరు వేసి పక్కన పి.పి. అని అచ్చు వేయించుకునేవాళ్ళం. "అల్లుడు రేపు వస్తాడట" అన్న కబురు మనకు చేరేసరికి "గొంతు చూస్తే కోపంగా వున్నట్టున్నాడండీ" అన్న వ్యాఖ్యానం కూడా కలిసేది. ఆ తెలివి ఏ టేపుకూ లేదు.

ఆబిడ్సులో జగదీశ్ మార్కెట్టుకు వెళ్ళి అడిగితే, గ్రామఫోను ముల్లు అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడో కుర్రవాడు. "ఇప్పుడెవరు వాడుతున్నరంకుల్, సెల్లు వుండంగ?" అన్నాడు. పొరపాటున కూడా అమెరికా బంధువుల పాత మిషను తెప్పించుకోకండి. అది 120 వోల్టులది, మన కరెంటు 230. మార్చుకునే పెట్టె పెట్టినా, అవతలివారు పెట్టేశాక వచ్చే కూత మన దేశంలో వేరు. అది గుర్తుపట్టక, ఆ కూతనే ఓపిగ్గా రికార్డు చేస్తూ కూర్చునే మిషనులున్నాయి.

సెల్ కంపెనీల వాయిస్ మెయిల్ సంగతీ చూశాను. మాట వాళ్ళ దగ్గర వుంటుంది. వినాలంటే నంబరు తిప్పి, ఒకటి నొక్కి, రెండు నొక్కి... పిన్నిగారి చేత అయ్యే పని కాదు. తానే పలికి, విన్నది అక్షరాలుగా రాసి చూపే సెల్ ఫోనులూ వచ్చాయి. మంచివే. కాకపోతే మన యింటి తెలుగును ఏమని రాస్తుందో ఒకసారి పరీక్షించి మరీ నమ్మండి.

చివరికి మిషను కలిసి వున్న కార్డ్‌లెస్ ఫోనే తెప్పించాము. దానిలో నాకు నచ్చిన గుణం ఒక్కటే: అవతలివారు మాట్లాడుతుంటే ఆ గొంతు గదిలోకి వినిపిస్తుంది. కొడుకైతే ఎత్తవచ్చు, పోలీసు వేషగాడైతే పూజ చేసుకోవచ్చు. వాడికి తన గొంతు టేపులో వదలడం సాధారణంగా యిష్టం వుండదు. కబురు వుంటే ఎర్రదీపం మిణుకుమంటుంది, అద్దాలు లేకపోయినా కనబడుతుంది. లోపాలు లేకపోలేదు. కరెంటు పోతే నోరు మూస్తుంది. పాత రాగి తీగె ఫోనుకు ఎక్స్చేంజి బ్యాటరీల నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఇంట్లో దీపం పోయినా ఫోను మోగేది. ఇప్పటి ఫైబరు కనెక్షనుకు అంత దయ లేదు. ఆ పెట్టెకూ మిషనుకూ కలిపి ఒక ఇన్వర్టరు చూసుకోవాలి. ఎంతసేపటి మాటలు నిలవ వుంటాయో కూడా అడగండి. ఈవిడ కొడుకు కబురు ఒక్కటీ చెరపనివ్వదు, పదిహేను నిమిషాల చోటు నెల తిరక్కుండా నిండింది. అవన్నీ ఆవిడ సెల్ ఫోనులోకి ఎక్కించే చాకిరీ నాకు పడింది.

ఇక మిషను పలకవలసిన మాట. చాలామంది "ఊళ్ళో లేము, ఆదివారం వస్తాము" అని ఘనంగా చెప్పుకుంటారు. దొంగకు అంతకంటే శుభలేఖ ఏముంటుంది? పేరు చెప్పవద్దు, ఎందరుంటారో చెప్పవద్దు. "ఇప్పుడు ఎత్తలేము, మీ పేరూ పనీ చెప్పండి, మేమే పిలుస్తాము." ఇంతే చాలు. పిన్నిగారు తన గొంతే వుండాలన్నది. మొదటిసారి "ఎవరండీ? భోజనాలయ్యాయా?" అని అడిగి జవాబు కోసం ఆగింది. నాలుగోసారికి కుదిరింది.

మర్నాడే వియ్యపురాలుగారు పిలిచారు. చివరిదాకా విని, "మిషనులతో మాట్లాడే అలవాటు మా యింటా వంటా లేదమ్మా" అని నిమిషంన్నరసేపు ఆ మిషనుకే చెప్పి పెట్టేశారు.