వణికే చేతికీ పని కావాలి

'వయసు మీద పడింది, చేతులు వణకవా మరి!' పార్కిన్సన్స్ జబ్బు ఇంట్లో అడుగుపెట్టినప్పుడు మొదట వినిపించే మాట ఇదే. ఆ మాటతోనే ఏళ్లు గడిచిపోతాయి. తీరా జబ్బు పేరు తెలిశాక 'ఇక నువ్వేం చెయ్యొద్దు, కూర్చో' అనడం మొదలవుతుంది. మొదటి మాట వైద్యాన్ని ఆలస్యం చేస్తుంది. రెండోది మనిషిని మూలన కూర్చోబెడుతుంది. రెండూ తప్పే.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు గురించి వివరంగా రాశారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 11నే ఏటా ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటిస్తున్నారు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా తగ్గిపోవడంతో కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి. వణుకు చాలామందిలో ఉంటుంది, అందరిలో ఉండదు. రాత చిన్నదైపోవడం, వాసన తెలియకపోవడం, మలబద్ధకం, గొంతు తగ్గడం కూడా తొలి గుర్తులు కావచ్చు. షోలాపూర్‌లో సాంచాల మీద పనిచేసేవారికి, బీడీలు చుట్టేవారికి వేళ్లు నెమ్మదించిన సంగతి పనిలోనే ముందు తెలుస్తుంది. నరాల డాక్టరును కలవాల్సింది అప్పుడే.

జబ్బును పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికీ లేదు. అంతమాత్రాన బతుకు ఆగిపోదు. 1960ల నుంచి వాడుకలో ఉన్న లెవోడోపా మాత్రలు ఎందరినో మళ్లీ నడిపిస్తున్నాయి. వీటికి వేళ ముఖ్యం. పప్పు, పాలు, గుడ్లు, మాంసం వంటి వాటితో కలిపి వేసుకుంటే కొందరికి మందు సరిగా ఎక్కదు. భోజనానికి ఎంత ముందు వేసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. బాగుందని సొంతంగా మానేయడం ప్రమాదం. నాటు మందుల సంగతీ అంతే. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే. మద్రాసులో శాస్త్రవేత్తలు 1937లోనే దాన్ని వేరుచేసి చూపారు. కానీ ఏ పొడిలో ఎంత ఉందో తెలియకుండా మాత్రలకు తోడు మింగితే మోతాదు గాడి తప్పుతుంది.

మందుతో సమానంగా కదలిక అవసరం. రోజూ నడక, ఒంటిని సాగదీసే వ్యాయామం, చేతనైతే సైకిలు, నలుగురితో కలిసి ఆటాపాటా ఏదైనా మంచిదే. గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే చేయి పట్టి లాగకూడదు, పడిపోతారు. ఒక్క క్షణం నిలబడనిచ్చి, నేల మీద గీత దాటుతున్నట్టు పెద్ద అడుగు వేయమనాలి. ఒకటి, రెండు అని లెక్కపెడితే అడుగు సాగుతుంది. గుండీలు పెట్టుకోవడం, కూరగాయలు తరగడం ఆలస్యమైనా వారినే చేసుకోనివ్వాలి. ప్రేమకొద్దీ అన్నీ మనమే చేసిపెడితే ఉన్న శక్తీ పోతుంది. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే. దానికీ వైద్యం ఉంది.

సరిహద్దు ఆవలి తెలుగువారికి మరో చిక్కు భాష. బరంపురం, రాయగడ వాసులు విశాఖకు, యానాం వాసులు కాకినాడకు వెళ్లి తెలుగులోనే బాధ చెప్పుకోగలరు. అందరికీ ఆ వీలుండదు. బజారులో కన్నడం, మరాఠీ గడగడా మాట్లాడే పెద్దలు కూడా 'ఒళ్లు బిగదీస్తోంది, కాలు కదలనంటోంది' అని చెప్పాలంటే తడబడతారు. పైగా గొంతు తగ్గిన మనిషి. మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఒళ్లు ఎప్పుడు తేలికైంది, ఎప్పుడు బిగిసింది అనేది వారం రోజులు ఇంట్లో రాసిపెట్టాలి. అక్కడి బడిలో చదివిన మనవడో మనవరాలో దాన్ని స్థానిక భాషలోకి మార్చి డాక్టరు ముందుంచితే చాలు. గొంతుకు సాధన మాత్రం అమ్మభాషలోనే సాగాలి. పొద్దున్నే పేపరు బిగ్గరగా చదవడం, వచ్చిన పద్యమో భజన పాటో గొంతెత్తి పాడడం కూడా సాధనే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. ఏ రాష్ట్రంలో ఉన్నా అక్కడి ప్రభుత్వాసుపత్రిలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియని కుటుంబాలు చాలానే ఉన్నాయి.

ఉగాదికీ శ్రీరామనవమికీ పందిళ్లు వేసే తెలుగు సంఘాలు ఇక్కడ ముందుకు రావాలి. వారానికి ఒక పూట తమ హాలు తెరిచి, ఈ జబ్బున్నవారిని, వారి ఇంటివాళ్లను పిలిచి, కలిసి నడిపించి, పాడించాలి. ఒక ఫిజియోథెరపిస్టును నెలకోసారి రప్పించడం పెద్ద ఖర్చేం కాదు. సాటి మనిషి అదే జబ్బుతో నవ్వుతూ నడవడం చూస్తే కలిగే ధైర్యం ఏ మాత్రతోనూ రాదు. వచ్చే ఏప్రిల్ 11 దాకా ఎదురుచూడక్కర్లేదు, ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.