మన పిల్లోళ్లకు ఎవరూ చెప్పని అమెరికా చదువు

అమెరికా చదువంటే మన వైపు ఒకటే అర్థం. ఇంజనీరింగ్ పాసై, చేనో ఇల్లో తాకట్టు పెట్టి, ఎమ్మెస్‌కు పోయి, కంప్యూటర్ ఉద్యోగం పట్టడం. మదనపల్లె, తిరుపతి గోడల మీద కన్సల్టెన్సీల పోస్టర్లు చెప్పేది ఈ దారి గురించే. తాకట్టు పెట్టడానికి చేను ఉన్నోళ్ల దారి అది. మన వాడల్లో ఉన్నది డీకేటీ పట్టా. 1977 చట్టం దాన్ని అమ్మకూడదంది. 2023లో చట్టం సవరించి, ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కులన్నారు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. ఆ కథ వేరే. బ్యాంకు మేనేజరు ముందు మన పట్టా ఎంత విలువ చేస్తుందో పాఠకులకు మేం చెప్పాల్సిన పనిలేదు.

అప్పు లేకుండా పోయే దారి ఇంకొకటి ఉంది. అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలని చిన్న చిన్న కాలేజీలున్నాయి. ఆర్ట్స్ అన్నారని బొమ్మలు గీసే బడి అనుకోవద్దు. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ. చరిత్ర, లెక్కలు, జీవశాస్త్రం, తత్వశాస్త్రం కలిపి చదవొచ్చు. మెయిన్ సబ్జెక్టు ఏదో రెండేళ్ల తర్వాత తేల్చుకోవచ్చు. చాలావాటిలో కాలేజీ మొత్తం కలిపినా రెండు వేల మందే. పీజీ పిల్లోళ్లు దాదాపు ఉండరు కాబట్టి ప్రొఫెసరే పాఠం చెప్పి, ప్రొఫెసరే పేపరు దిద్దుతాడు. ఎదురు ప్రశ్న వేసిన పిల్లోణ్ణి కూర్చోమనరు, ఇంకా అడగమంటారు.

కలికిరికి 2013లో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, 2014లో సైనిక్ స్కూల్ వచ్చింది. ఒకటి ఇంజనీర్లను, ఇంకొకటి ఆఫీసర్లను తయారు చేస్తుంది. మంచిదే, మన పిల్లోళ్లు రెండింట్లోనూ ఉండాలి. కానీ ఈ ఊరు ఇట్లా ఎందుకుంది, వాడ ఊరి బయట ఎందుకుంది అని అడగడం నేర్పే చదువు ఆ రెండింటి పని కాదు గదా!

ఖర్చు మాట ముందే చెప్తాం. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్, మెయిన్ రాష్ట్రంలోని బౌడిన్ లాంటి చోట్ల ఏడాదికి 80 వేల డాలర్ల పైనే. వింటేనే గుండె ఆగుతుంది. అయితే ఈ రెండూ విదేశీ పిల్లల విషయంలోనూ ఇంట్లో డబ్బుందా లేదా అని చూడకుండా సీటిస్తాయి. సీటిచ్చాక ఇంటివాళ్లు భరించలేనిదంతా కాలేజీయే పెట్టుకుంటుంది, అప్పుగా కాదు. బౌడిన్ ఈ పద్ధతి విదేశీయులకు 2022లో మొదలుపెట్టింది. సీటు తేలిక కాదు, అడిగినవాళ్లలో నూటికి పదిమందికి కూడా రాదు. కన్సల్టెన్సీ వాళ్లు మనకు వీటి గురించి ఎందుకు చెప్తారు? ఇట్లాంటి కాలేజీలు కమీషన్ ఇచ్చి పిల్లల్ని తెప్పించుకునేవి కావు.

కెంటకీలోని బెరియా కాలేజీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ ఫీ 1855లో పెట్టిన బడి అది. అంతర్యుద్ధం తర్వాత నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. ఓర్వలేక 1904లో రాష్ట్రం చట్టం చేసి విడదీసింది. 1908లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం పక్షమే నిలబడింది. 1950లో గానీ నల్ల పిల్లలు తిరిగి అడుగుపెట్టలేదు. 1892 నుంచి ఆడ ట్యూషన్ ఫీజు లేదు. చదివే ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు పని చేయాల్సిందే. ఆ పనుల్లో ఒకటి చీపుర్లు కట్టడం. ఈడ చీపురు ఎవరి చేతిలో పెట్టారో, ఎవరి చేతికి పుస్తకం అందకుండా చేశారో మనకు తెలుసు. ఆడ చీపురు కట్టిన పిల్లోడే గంట తర్వాత లైబ్రరీలో కూర్చుంటాడు. వాణ్ణి ఎవరూ దూరం జరగమనరు. విదేశీయులను కొద్దిమందినే తీసుకుంటుంది, కానీ తీసుకుంటుంది.

కులం విమానం ఎక్కదనుకునే అమాయకులం కాదు మేం. మన దేశం నుంచి పోయినోళ్లు ఊరగాయతో పాటు దాన్నీ సూట్‌కేసులో పెట్టుకునే పోతారు. మెయిన్ రాష్ట్రంలోనే కోల్బీ అనే చిన్న కాలేజీ 2021లో కుల వివక్ష చూపకూడదని తన నియమాల్లో చేర్చింది. అంటే సముద్రాలవతల కూడా ఆ రూలు రాయాల్సిన అవసరం పడింది.

మన వైపుకు ఆ చిన్న కాలేజీల గాలి కొత్తేం కాదు. 1860లలోనే మదనపల్లెకు అమెరికన్ ఆర్కాటు మిషన్ వాళ్లొచ్చారు. ఆ మిషన్ నడిపిన సంఘానికి మిషిగన్‌లో హోప్ కాలేజీ ఉంది, 1866 నుంచి నడుస్తోంది. ఆడి నుంచి ఈడికి దారి నూటయాభై ఏళ్ల నాటిది. ఈడి నుంచి ఆడికి దారి ఉందని మన వాడలకు చెప్పినోళ్లే తక్కువ.

ఇక సర్కారు సంగతి. కలికిరి మండలం నుంచే వచ్చిన నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 2013లో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చింది. డిగ్రీ అయిపోయి పీజీకి పోయేవాళ్లకే. 2022లో రాష్ట్రం తెచ్చిన విదేశీ విద్యాదీవెన క్యూఎస్ ర్యాంకుల జాబితాను కొలబద్దగా పెట్టుకుంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా పీజీకి, పీహెచ్‌డీకి మాత్రమే. డిగ్రీ మాత్రమే చెప్పే చిన్న కాలేజీ ఆ ర్యాంకుల్లోకే రాదు. చూడండి ఈ లెక్క! ఒకరికి ఫీజు కింద అరకోటి పైనే ఇవ్వడానికి సిద్ధపడిన సర్కారు, ఫీజంతా కాలేజీతోనే కట్టించుకునే మన పిల్లకు విమానం టిక్కెట్టు కొనివ్వదు. లక్షో, రెండు లక్షలో చాలు.

కేంద్రం స్కీం దేశం మొత్తానికి 125 సీట్లు. 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధుల్లేవంటూ మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చారు. అంతకన్నా ఘోరం 2022లో పెట్టిన రూలు: భారతదేశ చరిత్ర, సంస్కృతి, సమాజం మీద పరిశోధన చేస్తే డబ్బివ్వరట. 1916 మేలో బాబాసాహెబ్ కొలంబియాలో చదివి వినిపించిన పత్రం దేని గురించి? భారతదేశంలో కులాల గురించే. ఆయన్ని పంపింది బరోడా మహారాజు. నేటి రూలు నాడుంటే ఆ విషయం మీద ఆయనకు పైసా రాదు.

పదో తరగతి గట్టెక్కడమే గగనమైతే అమెరికా మాటలేమిటని అడుగుతారు. టమోటా కోతలకు పోయి బడి మానే పిల్లల కోసం పోరాడుతూనే ఉన్నాం, మానం. భూములున్నోళ్ల పిల్లలు పోతుంటే ఎవరూ ఈ ప్రశ్న వేయరు, మన పిల్లోళ్ల దగ్గరే గుర్తొస్తుంది.

సర్కారును అడగాల్సింది సూటిగానే ఉంది. విదేశీ విద్య పథకాల్లో డిగ్రీని చేర్చాలి. పూర్తి ఖర్చు భరించే కాలేజీలో సీటు తెచ్చుకున్నోళ్లకు ర్యాంకుతో పని లేకుండా పరీక్ష ఫీజు, వీసా ఫీజు, టిక్కెట్టు ఇవ్వాలి. దేశం మీద పరిశోధన వద్దన్న రూలు తీసేయాలి.

కార్యకర్తలకో మాట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో, గురుకులాల్లో తొమ్మిదో తరగతి పిల్లలకే ఇది చెప్పండి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా మార్కులన్నీ చూస్తారు, టీచర్ల ఉత్తరాలు కావాలి, తన గురించి తాను ఇంగ్లీషులో రాయాలి. రాసేటప్పుడు జాలి పుట్టించమని పిల్లలకు నేర్పొద్దు. ఏం చూశారో, ఏం అడగదలిచారో రాయమనండి. దరఖాస్తు ఫీజు కట్టలేమని చెప్తే చాలా కాలేజీలు మాఫీ చేస్తాయి. సీటొచ్చాక కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితంలో ఖర్చు ఎవరు పెడుతున్నారో ఉంటుంది, వీసా ఆఫీసులో అదే చూపాలి. 2025 జూన్ నుంచి పిల్లల సోషల్ మీడియా ఖాతాలు కూడా తెరిచి చూపమంటున్నారు, అదీ ముందే చెప్పండి. చాలా కాలేజీలకు గడువు ఇంటర్ రెండో ఏడు జనవరి మొదటి వారం. పండక్కి ఇంటికొచ్చాక చూద్దాంలే అంటే ఆ ఏడు పోయినట్టే.