రెండవసారి పోవుదుమా?

కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, పొలము పట్టా, చిట్టా: వీనికై తాలూకా కచేరి అరుగుమీద దినములకొలది కూర్చుండు అగత్యము నేడు చాలవరకు తప్పినది. కంప్యూటరు సేవలు వచ్చినందుకు మేము సంతసించుచున్నాము. అయితే మన హోసూరు ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు ఒకసారి వీనిని వాడి, రెండవసారి మరల మధ్యవర్తి గుమ్మమే త్రొక్కుచున్నారు.

చదువులేనివారు, యంత్రమనిన భయపడుదురు అని కొందరు తేలికగా ననుచున్నారు. మేమట్లు తలపము. ఆ తల్లిదండ్రులే సంతలో ఫోనుతో టమాటాలకు సొమ్ము చెల్లించుచున్నారు గదా! అచ్చట సొమ్ము చేరినదని అంగడిలోని చిన్నపెట్టె వెంటనే పలుకును. 2001లో అనోల్ భట్టాచార్జీ అను పండితుడు ఆన్‌లైను బ్యాంకు వాడుకదార్లను పరిశీలించి, ఒక సేవను మొదట చేపట్టుట వేరు, విడువక వాడుట వేరు అని చూపెను. ఆశించినది అనుభవమున నెరవేరెనా లేదా అనుటయే రెండవదానికి మూలము.

గత సంవత్సరము మా విద్యార్థిని యొకతె తండ్రి కుల ధ్రువపత్రమునకై పట్టణములోని ఒక సేవాకేంద్రమునకు పోయెను. ఓటీపీ రావలసిన ఫోను బెంగుళూరులో పనిచేయు పెద్దకుమారునియొద్ద నుండెను. ఒక దినము అట్లు గడచినది. తుదకు పత్రము వచ్చినది గాని, బిడ్డ పేరు మారిపోయినది. తమిళలిపిలో ప, ఫ, బ, భ లకు అక్షరమొక్కటియే. అది ఆ లిపి దోషము కాదు, ఆ భాషకు అది చాలును. కాని 'భ'తో మొదలైన మన పేరు ఆ లిపిలోనికి పోయి, మరల ఇంగ్లీషులోనికి వచ్చునప్పటికి 'ప' అయి కూర్చుండినది. పాఠశాల బదిలీ పత్రములో ఒక పేరు, ధ్రువపత్రములో మరియొక పేరు! పై తరగతిలో చేరుటకు గడువు నాలుగు దినములే.

కేంద్రమువారు కచేరిలో అడుగుమనిరి. కచేరివారు అది కేంద్రములో టైపు చేసినదనిరి. చివరకు క్రొత్తగా రుసుము కట్టి క్రొత్త దరఖాస్తు పెట్టవలసివచ్చెను. గడువు ముందటి దినమున పత్రము చేతికందినది. ఆ తండ్రి మాతో ననిన మాట: "అయివారూ, ముందర రాసే ఆయప్ప మొగమన్నా కనపడతా వుండె. ఇపుడు ఎవుర్ని అడిగేది?"

మా అభిప్రాయమున సమస్తము ఈ ప్రశ్నలోనే యున్నది. తప్పులు కాగితముపై రాసిన దినములలోను జరిగినవి. వానిని దిద్దువాడెవడో తెలిసినచో ప్రజలు మరల వత్తురు. వేగము తరువాతి సంగతి.

భాష సంగతియు కలదు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొరుగున ఆంధ్రమున పొందితిమి. అచ్చట 2011లో మీసేవ వచ్చెను. 2025 జనవరిలో 'మన మిత్ర' పేర వాట్సాప్ ద్వారా 161 సేవలు మొదలయ్యెను. అచ్చటి సహాధ్యాయులు తెలుగులోనే పని ముగించుకొనుట విని మేము ఈర్ష్యపడలేదనుట అసత్యమగును. ఇచ్చట పట్టా చూచుకొను ప్రభుత్వ పుటలో తమిళము, ఇంగ్లీషు మాత్రమే కలవు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము కష్టనివారణకై కేంద్రమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొనవచ్చును. కాగితముపై తెలుగు అర్జీ సాగును. కంప్యూటరు పుటకు ఆ అధికరణమును ఎవరు నేర్పవలెను?

దరఖాస్తు పంపుటకు ముందు పేరును అచ్చువేసి తల్లిదండ్రులకు చూపవలెను. తప్పు దొరలినచో ఎవరిని అడుగవలెనో రసీదుమీదనే ఉండవలెను. మేము కోరునది ఇంతియే, దీనికి పెద్ద వ్యయము కాదు.

ఆ తండ్రి ఇప్పుడు చిట్టా నకలుకై పోవలసియున్నది. మొన్న మావద్దకు వచ్చి, శనివారము కుమార్తెను వెంట పంపుదురా యని అడిగెను. ఆమెకు తమిళము వచ్చును. తెరమీది ప్రతి అక్షరము ఆమెచేత చదివించుకొని, అటుపిమ్మటనే సరే యనునట.