గజం గుడ్డ ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో బట్టల కొట్లకు కొదవ లేదు. కుట్టిన బట్టలైతే ఏ మాల్‌కు వెళ్ళినా రాశులు పోసి ఉంటాయి. కుట్టుకోవడానికి గుడ్డ కావాలంటేనే చిక్కు. పట్టుచీర మీదికి జాకెట్టు ముక్క, దాని లోపలికి గజం లైనింగు, డజను హుక్కులు, చీరకో ఫాలు... మన ఊళ్ళలో సందు చివరి మ్యాచింగ్ సెంటర్‌లో పావుగంటలో అయిపోయే పని ఇది. ఇక్కడ మన ఆడపడుచులకు ఒక శనివారం మొత్తం ఖర్చవుతోంది. అప్పటికీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇదేదో ఆడవాళ్ళ చిన్న గొడవ అని పక్కన పెట్టేయడం తగదు.

2025 మే నెలాఖరుకు జోయాన్ దుకాణాలన్నీ మూతపడ్డాయి. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు 1943లో ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో పెట్టిన చిన్న కొట్టు అది. 49 రాష్ట్రాల్లో సుమారు 800 దుకాణాలుగా పెరిగి, 82 ఏళ్ళు నడిచి, ఏడాది తిరక్కుండానే రెండుసార్లు దివాలా పిటిషన్ వేసి ఆగిపోయింది. దాదాపు 19 వేల మంది పనివాళ్ళు రోడ్డున పడ్డారు. అంతకుముందు 2016లోనే హాన్‌కాక్ ఫ్యాబ్రిక్స్ మూతపడింది. అది పోయినప్పుడు కుట్టుకునేవాళ్ళు జోయాన్‌కు వెళ్ళారు. ఇప్పుడు జోయాన్ కూడా పోయింది. చిన్న ఊళ్ళలో ఉన్నవాళ్ళకు గుడ్డను చేత్తో పట్టుకుని చూసి కొనే చోటే లేకుండా పోయింది.

కుట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి కొట్టు మూతపడింది అనేవాళ్ళు ఉన్నారు. అది సగం నిజం. 2020లో కరోనా వచ్చినప్పుడు కుట్టు మిషను ఉన్న ప్రతి ఇల్లూ మాస్కులు కుట్టింది, గుడ్డ కోసం జోయాన్ ముందు జనం బారులు తీరారు. ఆ ఊపు నిలవలేదు, తర్వాత అమ్మకాలు పడిపోయాయి. కాని 2011లో ఒక పెట్టుబడి సంస్థ దాన్ని 160 కోట్ల డాలర్లకు కొన్నప్పటి నుంచీ అప్పుల బరువు మెడకు వేలాడుతూనే ఉంది. 2024లో మొదటి దివాలా నాటికి ఆ అప్పు వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత కొట్లకు సరుకు సరిగా రాలేదు. అరలు ఖాళీగా ఉంటే గిరాకీ రాదు, గిరాకీ లేకపోతే సరుకు రాదు. జనం కుట్టడం మానేసినందువల్లే ఈ కొట్టు చచ్చిపోయిందనడం న్యాయం కాదు.

మరి ఉన్న దారులేమిటి? హాబీ లాబీలో గుడ్డ అమ్ముతారు, కాని అది ఆదివారం మూసి ఉంటుంది. వారమంతా పనికి పోయేవాళ్ళకు, ముఖ్యంగా శనివారం కూడా డ్యూటీ ఉండే మోటెల్, గ్యాస్ స్టేషన్ పనివాళ్ళకు అది అందదు. జోయాన్ పేరును, దాని సొంత బ్రాండ్లను 2025 జూన్‌లో కొనుక్కున్న మైకేల్స్, గుడ్డల విభాగాన్ని పెంచుతామని ప్రకటించింది. మంచిదే. అయితే ఇలాంటి కొట్లలో ఎక్కువగా కనిపించేది బొంతలు కుట్టుకునే పూల నూలు గుడ్డ. మన టూ బై టూ జాకెట్టు ముక్క, పట్టుకు సరిపోయే రంగు లైనింగు అక్కడ వెతుక్కోవడం ఇసుకలో సూది వెతుక్కోవడమే.

‘ఇండియాలో కుట్టించి పంపించుకుంటే పోలేదా?’ అని చాలామంది మగవాళ్ళు తేలిగ్గా అంటారు. ఇన్నాళ్ళూ జరిగింది అదే. అమ్మో, అత్తగారో కొలత జాకెట్టు దర్జీకిచ్చి, కుట్టించి, పార్సిల్ కట్టి పంపేవారు. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు సుంకం లేని సౌకర్యాన్ని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తేసింది. వంద డాలర్ల లోపు నిజమైన కానుకలకు ఆ ఉత్తర్వులో మినహాయింపు ఇచ్చారు గాని, ఆ గందరగోళంలో మన పోస్టాఫీసులు అమెరికా పార్సిళ్ళు తీసుకోవడమే ఆపేసి, మళ్ళీ అక్టోబరు నడిమికి మొదలుపెట్టాయి. ఆ ఏడాది దసరా బట్టలు చాలా ఇళ్ళకు అందలేదు. పైగా ఎదిగే పిల్లల సంగతేమిటి? జూన్‌లో ఇచ్చిన కొలతకు కుట్టిన పట్టులంగా సంక్రాంతికి చీలమండ పైకి ఎక్కుతుంది. లోపలి మడత విప్పి కిందికి దించడానికైనా, అంచు అతకడానికైనా ఇక్కడ ఒక చెయ్యి, ఒక మిషను, జానెడు గుడ్డ కావాల్సిందే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. భర్త ఉద్యోగం వెంట హెచ్-4 వీసా మీద వచ్చి, పగలంతా నాలుగు గోడల మధ్య గడిపే చదువుకున్న ఆడపిల్లలకు కుట్టుపని మనసుకు పెద్ద ఊరట. పక్కింటి పాప కూచిపూడి డ్రెస్సుకు చెయ్యి వేస్తే నలుగురితో పరిచయం పెరుగుతుంది. ఆ పరిచయానికి మొదటి మెట్టు గుడ్డల కొట్టే. అయితే జాగ్రత్త. ఈఏడీ కార్డు లేకుండా డబ్బు తీసుకుని జాకెట్లు కుట్టడం చట్టం దృష్టిలో పని చెయ్యడమే. రేపు గ్రీన్ కార్డు దగ్గర అది మెడకు చుట్టుకోవచ్చు. సొంతానికి, సొంత పిల్లలకు కుట్టుకోవడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

చేయగలిగింది చాలా ఉంది. మొదటి బాధ్యత మన ఇండియన్ స్టోర్ల యజమానులది. ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు, షికాగో డెవాన్ అవెన్యూ, హూస్టన్ హిల్‌క్రాఫ్ట్ లాంటి చోట్ల చీరల కొట్లు ఉన్నాయి. చీర అమ్మినవాళ్ళు ఫాలు, లైనింగు, హుక్కులు కూడా ఒక అరలో పెట్టలేరా? పెద్ద ఊళ్ళకు దూరంగా ఉన్నచోట పచారీ కొట్టువాళ్ళే పది రంగుల లైనింగు తెప్పిస్తే, బియ్యం కోసం వచ్చినవాళ్ళు అదీ కొనుక్కుపోతారు.

రెండో బాధ్యత తెలుగు సంఘాలది. ఉగాదికి, బతుకమ్మకు, సంక్రాంతికి హాలు అద్దెకు తీసుకుంటారు, సినిమావాళ్ళను పిలుస్తారు. ఆ హాల్లోనే ఒక బల్ల వేసి, ఇంట్లో మిగిలిన గుడ్డలు, జరీ అంచులు మార్చుకునే ఏర్పాటు చెయ్యడానికి పైసా ఖర్చు లేదు. పది కుటుంబాలు కలిసి తెల్ల పాప్లిన్ ఒక తాను తెప్పించుకుంటే చిల్లరగా కొన్నదానికంటే చౌక పడుతుంది.

మూడోది మన చేతిలోనే ఉంది. మీ ఊళ్ళో బొంతల గుడ్డలు అమ్మే చిన్న కొట్టు ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. అవి ఎక్కువగా ఇంటివాళ్ళు నడుపుకునేవి. ఏం కావాలో నోరు తెరిచి అడిగితే, నలుగురు అడుగుతున్నారని తెలిస్తే, తెప్పిస్తారు. అడగకపోతే ఈ కొట్లకూ జోయాన్ గతే. చాలా పబ్లిక్ లైబ్రరీలలో ఇప్పుడు కుట్టు మిషన్లు కూడా పెడుతున్నారు, కార్డు ఉంటే వాడుకోవచ్చు. ఇండియా నుంచి తెచ్చిన మోటారు మిషను 230 వోల్టులది, ఇక్కడి 120 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలిస్తే నడవదు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ముందు శాంపిల్ ముక్క తెప్పించుకోండి. తెర మీది మెరూన్ వేరు, చీర మీది మెరూన్ వేరు. ఇక్కడి యార్డు మీటరు కంటే సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తక్కువ, ఆ తేడా లెక్కేసుకుని కొనండి. జోయాన్ పేరుతో భారీ తగ్గింపులంటూ నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. మూతపడిన కొట్టులో సేల్ ఉండదు, కార్డు నంబరు ఇవ్వకండి.

బర్ దుబాయ్‌లో పనిచేసే మనవాళ్ళకు ఈ బాధ అంతగా తెలియదు. అక్కడ క్రీక్ ఒడ్డున బజారంతా గుడ్డలే. అమెరికాలో అలాంటి బజారు ఒక్క రోజులో రాదు. ఉన్న కొట్టు నిలవాలన్నా, లేనిచోట కొత్త అర తెరవాలన్నా కొనేవాళ్ళు ఉన్నారని కొట్టువాడికి తెలియాలి. ఈ వారాంతం పచారీకి వెళ్ళినప్పుడు లైనింగు ఉందా అని ఒక్క మాట అడిగి రండి.