బీరు రకములును మన సభ్యులును

మన సంఘమునందలి యువసభ్యులు కొందరు ఈ నడుమ ఒక వినోదమును కనిపెట్టిరి. సభ్యులలో ఒక్కొక్కరి స్వభావమును ఒక్కొక్క రకపు బీరుతో పోల్చి పట్టిక వ్రాయుటయే ఆ వినోదము. కార్యవర్గమువారికి ఒక పేరు, ఉగాది వంటలు చూచువారికి ఒక పేరు, సర్వసభ్య సమావేశమున ఒకసారి లేచినచో మరల కూర్చుండనివారికి ఒక పేరు. ఈ సంగతి చెవిని పడిన పెద్దలు కొందరు నొచ్చుకొని, మన పత్రిక ఇట్టి వెకిలితనమును ఖండింపవలెనని కోరిరి. నేను ఖండింపబోవుట లేదు. పోలిక నాకు నచ్చినది. అయితే మన యువకులు దానిని సగములో వదలివేసిరనియు, వదలిన సగములోనే అసలు విషయమున్నదనియు నా అభిప్రాయము.

మనుష్యులను రుచులతో పోల్చుట తెలుగువారికి క్రొత్త కాదు. చురుకైన పిల్లను మిరపకాయ అందుము. ఎవనికి వెర్రి ఎంత యున్నదో చెప్పుటకు వేపకాయను కొలతగా పెట్టుకొన్న జాతి మనది. మిరపకాయను, వేపకాయను ఒప్పుకొన్న పెద్దలు బీరును ఒప్పుకొనకపోవుటకు కారణము అది మద్యమగుటయే. ఆ అభ్యంతరము త్రోసివేయదగినది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించిన వార్త ఊరూర ప్రాకి పెద్ద ఉద్యమమై, 1995లో ఆంధ్రప్రదేశమున మద్యనిషేధమును తెచ్చినది. 1997లో అది సడలింపబడినను, త్రాగుడు వలన కాపురములు చెడుటను కన్నులార చూచినవారు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. కావున త్రాగుటను గూర్చి నేను మాటాడను. సంఘభవనమున కాఫీయే చాలును. నా మాట పోలికను గూర్చి మాత్రమే.

బీరే ఏల అని అడుగువారు ఒక్కసారి ఇల్లు వెడలి మహదేవపుర చుట్టు చూడవలెను. 1882లో ఆంగ్లో-ఇండియను కుటుంబములకై ఏర్పడిన వైట్‌ఫీల్డు, ప్రక్కన హూడి, కాడుగోడి, వర్తూరు పల్లెలు, నడుమ రాగిచేలు. 1990వ దశకపు చివర ఐ.టి. పార్కు వచ్చువరకు మన లోకము ఇంతియే. 2010 ప్రాంతమునుండి బెంగళూరులో అక్కడికక్కడే బీరు కాచి పోయు మైక్రోబ్రూవరీలు బయలుదేరినవి. ఇందిరానగరమున టాయిట్, 2012లో మన వైట్‌ఫీల్డుననే విండ్‌మిల్స్, ఆ వెనుక మరి ఎన్నియో. మన పిల్లలకు ఉద్యోగములిచ్చిన వీధులలోనే ఇవియు వెలసినవి. తమకు తెలిసిన రుచులతో వారు పోల్చిరి. మనకు తెలిసినవానితో మనము పోల్చలేదా?

బీరు కాచుటలో గొప్ప మర్మము లేదు. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేడిచేయుదురు. రాగులను మొలకగట్టి పసిపిల్లలకు మాల్టు చేయు తల్లులకు ఈ పని తెలిసినదే. ఆ మొలకధాన్యమును మరపట్టి వేడినీట నానబెట్టి తియ్యని రసము తీసి, హాప్స్ అను తీగపూవులతో మరగించి, చల్లార్చి, ఈస్టు వేసి పులియబెట్టుదురు. యవలు, హాప్స్, నీరు, ఈ మూటితోడనే బీరు చేయవలెనని 1516లో బవేరియా ప్రభువులు శాసించిరి. ఈస్టు మాట ఆ శాసనమున లేనే లేదు. అన్నిపనులు చేయు ప్రాణి ఆనాడు ఎవరి కంటికిని కనబడలేదు. వస్తువులు కొలదియే. వేయింపులోను, వెచ్చదనములోను, పట్టిన కాలములోను గల భేదమువలన అన్ని రకములు పుట్టుచున్నవి. ఒక్క తాలూకానుండి ఒక్క తరములో వచ్చిన నాలుగు కుటుంబములు మన సంఘమున నాలుగు దిక్కులు చూచుటకును ఇదియే కారణమేమో.

ఇక పట్టిక. మొదట నిలిచినది వాదప్రియులైన ఒక పెద్దమనిషి. వార్షిక లెక్కలలో పన్నెండు రూపాయల తేడా కొరకు గంటన్నర మాటాడగలవారు. యువకులు ఆయనకు ఇండియా పేల్ ఏల్ అని పేరిడిరి. అది హాప్స్ మెండుగా వేసిన చేదు బీరు. పేరు విని అందరును నవ్విరి. నేనును నవ్వితిని. కాని హాప్స్ వేయునది చేదు కొరకు మాత్రమే కాదు. బీరును చెడనీయకుండ కాచునవి అవియే. బ్రిటనునుండి గుడ్‌హోప్ అగ్రమును చుట్టి, నెలల తరబడి ఓడలలో ఊగి, ఎండలలో మ్రగ్గి మన రేవులకు చేరవలసిన బీరులో హాప్స్ హెచ్చుగా వేయుటకు ఇదియే హేతువు. (ఆ ప్రయాణము కొరకే ఆ రకమును ఎవరో ఒకరు కనిపెట్టిరను కథ మాత్రము నిలువదు, నల్లని పోర్టరు సైతము అవే ఓడలలో వచ్చెడిది.) మన సంఘపు లెక్కలు ఇన్నేండ్లు పులిసిపోక నిలిచినవన్న, అది ఆ చేదు చలువయే. పేరు పెట్టిన కుర్రవాండ్రు తెలియకయే ఆయనను మెచ్చుకొనిరి.

స్టౌటు అని పేరందిన తాతగారి విషయమును ఇట్టిదే. స్టౌటు నల్లదనము బాగుగా మాడ్చిన యవలవలన కలుగును. నలుపును చూచి జనులు ఘాటనుకొందురు. నిజమునకు పేరుపొందిన ఐరిషు స్టౌటులో మద్యసారము నూటికి నాలుగు పాళ్లకు కొంచెము పైబడి యుండును. లేత పసుపు రంగు బీరులు పెక్కు దానికన్న ఘాటైనవి. ఆయన గుమ్మములో నిలిచినచో పిల్లలు బంతిని వదలి పరుగెత్తుదురు. ఆయన ప్రక్కన అరగంట కూర్చుండి పాత నాటకముల పద్యములు చదివించుకొన్నవారికి ఆ నలుపు ఎంతలోతుదో తెలియును.

గోధుమ బీరు అనిపించుకొన్న మరియొకరు ఏ పనియు చేసినట్లు కనబడరు. జర్మనీవారి గోధుమ బీరున అరటిపండు వాసన, లవంగపు వాసన వచ్చును. ఆ రెండును అందులో ఎవరును వేయరు, అంతయు ఈస్టు మాయ. అట్లే ఈయన వచ్చి కూర్చుండినచో చాలును, పందిరి నిండును. కోశాధికారిగారిని లాగరు అనుటయు తగియున్నది: చల్లని చోట వారముల తరబడి కదలక నిలిచి తేటపడు జాతి అది.

యువకులు తప్పినది స్త్రీల విషయమున. పట్టికలో స్త్రీల పేర్లు మూడే, మూటికిని పండ్లరసము కలిపిన తీపి బీరులే. ఇది మన ఆడవారికే గాక బీరుకును అన్యాయము. పూర్వము సుమేరియా ప్రజలు బీరునకు అధిదేవతగా కొలిచిన నిన్‌కాసి స్త్రీమూర్తియే. మధ్యయుగపు ఇంగ్లండున ఇంటింట ఏల్ కాచి అమ్మినవారిలో ఆడవారే హెచ్చు. మన సంఘమున ఆదివారము తెలుగు తరగతి నడపువారెవరు? గుణింతములు దిద్దించి, ఎర్రసిరాతో తప్పులు చుట్టి, ఒత్తు మరచిన పిల్లవానిచేత పదిమారులు వ్రాయించు పిన్నిగారిని తీపి బీరనిన కుర్రవాడు ఆ తరగతికి ఎన్నడును పోనివాడై యుండవలెను.

మరియొక లోపము. బీరులో నూటికి తొంబది పాళ్లకు మించి నీరే. బర్టన్ పట్టణపు జిప్సపు నీటివలన అక్కడి పేల్ ఏల్‌కు పేరు వచ్చినది. పిల్సెన్ పట్టణపు మెత్తని నీటివలన 1842లో అక్కడ పుట్టిన పిల్స్నర్‌కు ఆ తేటదనము వచ్చినది. మన పట్టికలో నీరు ఎక్కడను లేదు. చాపలు పరచువారు, కుర్చీలు మడుచువారు, ఈ పత్రికను ఇంటింట వేయువారు, సభ ముగిసిన పిదప దీపములార్పి తాళము వేయువారు, వీరెవరును ఏ రకమునకును నోచుకొనలేదు. 2024 వేసవిలో గొట్టపుబావులు ఎండి ట్యాంకరు కొరకు బిందెలతో నిలిచిన మహదేవపురవారికి నీటి విలువ నేను చెప్పవలెనా? ఇక నురుగు మాట మనకు అసలే చెప్పనక్కరలేదు. 2015 మొదలుకొని వర్తూరు చెరువు నురుగు రోడ్డుమీదికి ఎగిరిపడుట చూచినవారము. నురుగు మెండైన చోట నీరు మేలైనదని మనము ఎట్లు నమ్ముదుము?

ఇవి చిన్న లోపములు. పెద్ద చిక్కు వేరొకటి. గ్లాసులో పోసిన బీరు తయారై ముగిసిన వస్తువు. మనిషి అట్టివాడు కాడు. ఇందుకు మన తాతలెరిగిన కల్లే మేలైన ఉపమానము. తెల్లవారుజామున తాటిచెట్టునుండి దింపిన ముంతలో తీపి, మధ్యాహ్నమునకు ఘాటు, మరునాటికి పులుపు. అందులో ఎవరును ఈస్టు వేయరు. గాలిలోనిది, లొట్టికి అంటియున్నది చాలును. బెల్జియమున బ్రస్సెల్సు పరిసరములలో లాంబిక్ అను బీరును సైతము ఇట్లే, కాచిన రసమును రాత్రివేళ చలిగాలికి తెరచియుంచి పులియనిత్తురు. పిదప కొయ్యపీపాలలో ఏండ్ల తరబడి ఉంచుదురు. మూడేండ్లది గంభీరమైనది, కాని పొంగు చచ్చినది. ఏడాదిది లేతది, నిలకడ లేనిది, కాని దానిలో ఇంకను పులియవలసిన చక్కెర మిగిలియుండును. రెంటిని తగిన పాళ్లలో కలిపి సీసాకెత్తి బిరడా బిగించినచో, ఆ మిగిలిన చక్కెర సీసాలో మరల పులిసి పొంగును. పాతదాని లోతు, కొత్తదాని ప్రాణము రెండును నిలుచును. ఈ మిశ్రమమును గూజ్ అందురు. మన యువకుల పట్టికలో ఇది లేదు.

ఇది లేకపోవుట నాకు కొరతగా తోచినది, ఏలయన మన సంఘమున ఇప్పుడు రెండు పీపాలున్నవి. ఒకటి మనది, తరతరములుగా ఇచ్చట నిలిచినవారిది. ఈ నగరమును కట్టించిన కెంపేగౌడ తెలుగున గంగాగౌరీవిలాసమను యక్షగానమును రచించెనని చెప్పుదురు. మన మాట ఇచ్చట అంత పాతది. 2011 జనగణనమున బెంగళూరులో నూటికి సుమారు పద్నాలుగురు తెలుగు మాతృభాషగా చెప్పుకొనిరి. అయినను బడిలో కన్నడమును ఇంగ్లీషును చదివిన మన ఇండ్లలో మాట నిలిచినంతగా లిపి నిలువలేదు. ఈ పత్రికను చదువగల మనుమలు ఎందరికి ఉన్నారో ఎవరికి వారే లెక్కించుకొనవలెను. రెండవ పీపా పాతికేండ్లుగా గుంటూరునుండియు, కరీంనగరమునుండియు, కడపనుండియు వచ్చిన ఉద్యోగులది. వారికి లిపి వచ్చును, పుస్తకములు తెచ్చుకొందురు. ఈ ఊరు మాత్రము తెలియదు. మనము ఆకుకూరను సొప్పు అనగా, చొప్ప పశువులకు గదా వేయుదురని వారు నవ్వుదురు. ఉదయపు ఫలహారమును తిండి అనగా మరల నవ్వుదురు. మనమును తక్కువవారము కాము. అద్దె ఇంటివారు, రేపు హైదరాబాదు పోవుదురని పెదవి విరుతుము.

మన నిబంధనావళిలో పదేండ్ల సభ్యత్వము లేనివారు కార్యవర్గమునకు పోటీచేయరాదని ఉన్నది. సంఘపు స్థలము అన్యాక్రాంతము కాకూడదని పెద్దలు తొలినాళ్లలో పెట్టుకొన్న కట్టుబాటు అది, ఆనాటికి తగినదే. నేడు దాని ఫలితమేమనగా, కార్యవర్గమున ఏబదియేండ్ల లోపువారు ఒక్కరును లేరు. పట్టిక వ్రాసిన యువకులలో సగము మంది, మనలను ఇంత శ్రద్ధగా గమనించినవారు, ఒక ఓటు వేయుట తప్ప మరేమియు చేయజాలరు. కొత్తవారు హెచ్చై సంఘమును ఎత్తుకొనిపోవుదురేమో అని కొందరు శంకింతురు. కలుపువాని చేతిలో పాళ్లు ఉండును. పదునైదు స్థానములలో నాలుగింటిని పదేండ్ల నియమమునుండి విడిచినచో పదునొకండు పాతవారికే యుండును. స్థలము అమ్ముటకు ఆ నలుగురు చాలరు, తెలుగు తరగతికి రెండవ ఉపాధ్యాయుని తెచ్చుటకు చాలుదురు. వారి పిల్లలకు కన్నడము నేర్పి, ఈ ఊరి వీధులలో కలిసిమెలిసి తిరుగుట నేర్పువారు మన ఇండ్లలో కావలసినంత మంది ఉన్నారు.

ఈ సవరణను వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపనున్నాను. బలపరచువారు ఒకరు కావలెను. ముప్పదియేండ్ల లోపు సభ్యులెవరైన ముందునకు వచ్చినచో సంతోషింతును. పట్టికలో నా పేరు ప్రక్కన ఏమి వ్రాసిరో ఇంతవరకు నాకెవరును చెప్పలేదు. ఆ సంతకము పెట్టువారు అదియు చెప్పిపోవుదురుగాక.